వీపులు చాలు, మొహం తియ్యి

పోయినవారం మన పాస్‌పోర్టు పిల్లను బస్టాండులో, ఆరో నంబరు స్తంభం చాటున, వెనక నుంచి ఎవరో కెమెరా బెల్టు పట్టుకుని గుంజుతుండగా వదిలేసి వెళ్ళిపోయాం. వారమంతా ఆ పిల్లను అలాగే వేలాడదీశామని కోప్పడకండి, కథలో గడిచింది అరనిమిషమే. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుందాం. మేనమామ స్టూడియోలో ఆరేళ్ళుగా పాస్‌పోర్టు ఫొటోలు తీస్తున్న ఈ పిల్లకి పత్రికలో ఫొటోగ్రాఫర్ కావాలని ఆశ. పత్రికలో ఖాళీ ఒక్కటే ఉంది. ఫొటో చీఫ్ పెట్టిన పరీక్ష కూడా ఒక్కటే. ముక్కూమొహం తెలియని పదిమందిని నోరు తెరిచి అడిగి, ఎదురుగా నిలబడి, వాళ్ళ మొహాలు తీసుకురావాలి. ఒప్పుకున్నట్టు ప్రతి ఒక్కరి చేతా చీటీ మీద సంతకం పెట్టించాలి. గడువు శనివారం సాయంత్రం నాలుగు. దూరం నుంచి తీసే పెద్ద లెన్సు ఆయన ముందే లాక్కున్నాడు. మిగిలిన చిన్న లెన్సుతో మొహం తీయాలంటే మనిషికి మూడడుగుల దూరంలోకి వెళ్ళక తప్పదు.

ఇవాళే ఆ శనివారం. టైము పదకొండు. వచ్చిన మొహాలు సున్నా.

మొహాలు సున్నాగానీ ఫొటోలకేం లోటు లేదు. మూడు వారాల్లో నాలుగు వందలు తీసింది, నాలుగు వందలూ వీపులే. సంచీ మోస్తున్న వీపులు, బస్సెక్కుతున్న వీపులు, పిల్లని భుజానేసుకున్న వీపులు. ఆ వీపుల్లో ఏదైనా ఇటు తిరగబోతే చాలు, ఈ పిల్ల చటుక్కున కెమెరా దించి గోడమీది బస్సుల టైంటేబుల్ చదవడం మొదలుపెట్టేది. ఆ టైంటేబుల్ ఇప్పుడు ఆమెకు కంఠతా వచ్చు.

"ఏయ్, ఎవరే నువ్వు?"

బెల్టు గుంజింది తాళాలక్క. బస్టాండు గేటు పక్కన తలుపంత కొట్టు ఆమెది. గోడనిండా వేలాడే తాళంచెవులు, మధ్యలో వాటిని కోసే చిన్న మిషను, దాని ముందు యాభై దాటిన ఆమె. ఆ గొంతు ముందు బస్సుల హారన్లు కూడా దిగదుడుపే.

"మూడు వారాల్నుంచి చూస్తున్నా. రోజూ వస్తావు, ఆ స్తంభం వెనక నక్కుతావు, నా కొట్టుకేసి కెమెరా పెడతావు. నేను తల తిప్పేసరికి మాయమైపోతావు. ఏంటి సంగతి? తాళాలు తియ్యడం నేర్చుకుంటున్నావా?"

"లే... లేదండీ."

"మరి నా చేతులు ఫొటో తీసి ఎవడికి చూపిస్తున్నావు? ఈ చుట్టుపక్కల సగం ఇళ్ళ తాళాలు నా చేతిమీదుగా వెళ్ళినవే. రేపు ఎవరింట్లో దొంగలు పడ్డా ముందు నా కొట్టుకే వస్తారు. తెలుసా నీకు?"

పిల్ల ఏ తప్పూ చెయ్యలేదు. అయినా గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు కెమెరాను రెండు చేతులా పొట్టకి అదుముకుంది. అది చూసి తాళాలక్క అనుమానం కాస్తా నమ్మకంగా మారింది. టికెట్ల క్యూలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే ఇటు తిరగసాగారు. మూడు వారాలుగా ఒక్క మొహం కోసం మొహం వాచిపోయిన పిల్ల ముందు ఇప్పుడు ఇరవై మొహాలు. ఆమెకు మాత్రం భూమి చీలితే బాగుండునని ఉంది.

"చూపించు. ఏం తీశావో చూపించు."

తప్పలేదు. పిల్ల బటన్ నొక్కింది. తాళాలక్క మెడలో వేలాడే కళ్ళద్దాలు పెట్టుకుని, కెమెరా వెనక ఉన్న అద్దంలోకి తొంగిచూసింది.

వీపు. ఇంకో వీపు. గొడుగు కింద వీపు.

"ఇదెవరు? ఆగాగు. ఈ జాకెట్టు నాదే! ఈ ముడి నాదే!"

"మీరేనండీ."

"ఇది?"

"అదీ మీరే."

"ఇదీ నేనేనా?" తాళాలక్క నొక్కుతూపోయింది. ముప్పై ఒక్క ఫొటోల్లో ఆమె ఉంది. ముప్పై ఒకటీ వీపులే. ఆమె మెల్లగా తలెత్తింది. అప్పటిదాకా ఉన్న కోపం వెళ్ళిపోయి, దాని స్థానంలో అంతకన్నా పెద్ద కోపం వచ్చి కూర్చుంది.

"ఏమే పిల్లా! మూడు వారాలుగా నా వీపు తీస్తున్నావే, నా మొహానికేం రోగం?"

క్యూలో ఎవరో పకాలుమన్నారు. పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నీళ్ళతోపాటు నిజం కూడా బయటికొచ్చింది. పరీక్ష, చీటీలు, నాలుగింటి గడువు, సోమవారం నుంచి రావాల్సిన ఉద్యోగం, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేసింది. "అడుగుదామని ప్రతిరోజూ వస్తానండీ. మీ కొట్టుదాకా నాలుగడుగులుంటే మూడు వేస్తాను. నాలుగోది పడదు. మావయ్య ఎప్పుడూ అంటుంటాడు, జనమే మన దగ్గరికి రావాలి, మనం జనం దగ్గరికి పోకూడదని. స్టూడియోలో అయితే వాళ్ళే వచ్చి కూర్చుంటారు కదా. ఇక్కడ నేను అడిగితే ఏమనుకుంటారో..."

"ఏమనుకుంటారు? వద్దంటారు, అంతేగా!" తాళాలక్క చెయ్యి ఊపింది. "అడగందే అమ్మైనా పెట్టదు, ముక్కూమొహం తెలీని నేను పెడతానా? నువ్వు అడిగి నేను వద్దంటే నీ సొమ్మేం పోయింది? అడక్కుండా వెనకనుంచి తీస్తే మాత్రం నా కొంప మునిగిందనుకున్నా కదే, మూడు వారాలు! రాత్రిళ్ళు నిద్రపట్టక చచ్చాను."

ఈ చివరి మాట పిల్లకి ఎక్కడో తగిలింది. తన సిగ్గు తన ఒక్కదాని బాధే అనుకుంది ఇన్నాళ్ళూ. అది ఎదుటివాళ్ళ నిద్ర కూడా పాడుచేస్తుందని తట్టనేలేదు.

"సరే, ఇప్పుడు అడుగు," అంది తాళాలక్క, తన స్టూలు మీదికెళ్ళి కూర్చుని.

"అదీ... మీరు... ఒక్క ఫొటో..."

"వినపడలా."

"అక్కా, మీ మొహం ఒక్క ఫొటో తీసుకోనా?"

"తీసుకో."

అంతే! ఇంత చిన్న మాట కోసమా మూడు వారాలు స్తంభం పట్టుకుని వేలాడింది? పిల్లకి ఒళ్ళంతా ఝల్లుమంది. నాలుగో అడుగు వేసింది. కెమెరా ఎత్తింది. అద్దంలోంచి చూస్తే, పెద్ద పెద్ద కళ్ళతో, ముక్కు మీద మసి చారతో, నిండుగా మొహం! ఆ కంగారులో బుర్ర పూర్తిగా ఖాళీ అయిపోయింది. ఖాళీ అయిన బుర్రలో ఆరేళ్ళ అలవాటు ఒక్కటే మిగిలింది. అదే గడగడా నోట్లోంచి దొర్లింది.

"తల నిటారుగా పెట్టండి. రెండు చెవులూ కనపడాలి. నోరు మూసుకోండి. నవ్వకూడదు. కళ్ళు ఆర్పొద్దు."

అనడమే కాదు, స్టూడియోలో చేసినట్టే రెండు వేళ్ళతో ఆమె గడ్డం పట్టుకుని కాస్త పైకెత్తింది. బస్టాండునంతా గదమాయించే మనిషి గడ్డం! క్యూలో అందరూ ఊపిరి బిగబట్టారు. తాళాలక్క మాత్రం బడిపిల్లలా బిగుసుకుని, చెవుల మీది జుట్టు వెనక్కి తోసుకుని, కన్నార్పకుండా కూర్చుంది. పిల్ల మీట నొక్కింది.

"అయిందా?" అంది తాళాలక్క పెదవులు కదపకుండా. "ఇంతకీ నన్ను ఏ దేశం పంపిస్తున్నావే?"

అని తన మాటకి తనే ఫక్కున నవ్వింది. నవ్వుతూనే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకోబోయింది. ఈలోపల పిల్ల వేలు రెండోసారి నొక్కేసింది. కావాలని కాదు. స్టూడియోలో ఎవరికైనా రెండు తీస్తారు, మొదటిదాంట్లో కళ్ళు మూతబడతాయన్న భయానికి. వేలికి ఆ అలవాటు పోలేదు.

తాళాలక్క చీటీ మీద సంతకం గీకి, పేరు కింద 'తాళాలు' అని కూడా రాసింది. "ఒకటయింది. ఇంకా తొమ్మిది. అదుగో, ఆ కండక్టరు దగ్గరికి పో. నోరు మంచిదైతే ఊరు మంచిదౌతుంది. పో!"

కండక్టరు ఒప్పుకున్నాడు. డ్యూటీ దిగి వస్తున్న నర్సు ఒప్పుకుంది, కానీ టోపీ సర్దుకున్నాకే తియ్యాలంది. నల్లకోటు వేసుకున్న ఒకాయన ఇటు చూడకుండానే "వద్దమ్మా" అన్నాడు. పిల్ల గుండె ఆగినంత పనైంది. కానీ ఆకాశం విరిగి మీద పడలేదు, ఆయన పేపరు తిప్పుకున్నాడు, ఏడో నంబరు బస్సు వచ్చింది, వెళ్ళింది. "పర్వాలేదండీ" అని పిల్ల పక్కాయన దగ్గరికి జరిగింది. ఆ 'వద్దు' విన్నాక ఆమెకు ఒక రకమైన పూనకం వచ్చింది. ఇంతకన్నా పెద్ద ప్రమాదం లేదని తెలిసిపోయింది కదా, ఇంక భయమెందుకు? పాస్‌పోర్టు పాఠం ఒక్కటి మాత్రం మానలేదు. "చెవులు కనపడాలి" అనగానే పెద్దపెద్దవాళ్ళు కూడా బుద్ధిగా బిగుసుకుపోవడం, మీట నొక్కగానే నవ్వుకుంటూ సడలిపోవడం, ఆ సడలినప్పుడే అసలు మొహం బయటపడటం ఆమె కనిపెట్టేసింది. ఇప్పుడు అందరికీ ముందే చెబుతోంది, "రెండు తీస్తాను, రెండోదాంట్లో మీ ఇష్టం వచ్చినట్టుండండి" అని. చెప్పింది తాళాలక్క తర్వాత తొమ్మిదిమందికి. తాళాలక్కకి మాత్రం చెప్పలేదు.

ఆ మధ్యాహ్నమంతా తాళాలక్క తన కొట్టులోంచే కేకలేస్తూ మనుషుల్ని పోగుచేసింది. "ఓ పెద్దాయనా, ఇటు రా, నీ మీసానికి పని పడింది!" అని పిలిచి, ఆ పెద్దాయన సిగ్గుపడుతుంటే చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. మూడుంబావుకి పదో సంతకం అయింది. పిల్ల పరుగున వచ్చి తాళాలక్క రెండు చేతులూ పట్టుకుని గుంజి వదిలి, పత్రికాఫీసు వైపు దౌడు తీసింది.

ఫొటో చీఫ్ ఎవరినీ పొగిడే మనిషి కాదు. నచ్చితే "ఊఁ" అంటాడు, నచ్చకపోతే అదీ అనడు. ఆయన తెర మీద ఫొటోలన్నీ తిప్పుతూ పోయి, ఒకచోట ఆగిపోయాడు. పూర్తిగా ఒక నిమిషం చూశాడు.

"ఎవరీవిడ?"

తాళాలక్క. రెండో నొక్కుడు. తల వెనక్కి వాలి, కళ్ళు మూసుకుపోయి, నోరంతా తెరిచి నవ్వుతోంది. వేలాడే తాళంచెవులన్నీ ఆమె వెనక మెరుస్తున్నాయి. చెయ్యి ఇంకా గడ్డం దగ్గరే ఉంది, నోటిదాకా రాలేదు.

"ఊఁ," అన్నాడు చీఫ్. ఆ తర్వాత ఎన్నడూ లేనిది, ఇంకో మాట కూడా అన్నాడు. "రేపటి ఆదివారం పేజీకి ఇదే. పేజీ మొత్తం. సోమవారం తొమ్మిదింటికల్లా వచ్చెయ్."

పిల్లకి గెంతాలనిపించింది. నిజానికి గెంతింది కూడా, ఎవరూ చూడని మెట్లమలుపులో. ఇంటికి ఫోన్ చేసి అమ్మకి చెప్పింది. "నోట్లో నాలుక లేని పిల్లవి, పదిమందినీ ఎలా అడిగావే?" అని అమ్మ ఆశ్చర్యపోయింది. ఐదున్నరకి చీఫ్ అచ్చుకి ముందు సరిచూసుకునే పేజీ ప్రూఫు తీయించి ఆమె చేతిలో పెట్టాడు. చేటంత కాగితం మీద తాళాలక్క నవ్వు.

అంత పెద్దదిగా చూశాకే పిల్లకి కనపడింది. పైవరసలో ముందుపళ్ళు రెండూ సరిగా లేవు. ఒకటి సగానికి విరిగి ఉంది, దాని పక్కది మొత్తమే లేదు.

మధ్యాహ్నం నుంచి తాళాలక్క ఎన్నిసార్లు నవ్విందో పిల్ల గుర్తు చేసుకుంది. కనీసం పదిసార్లు. పదిసార్లూ చెయ్యి అడ్డం ఉంది. ఒక్కసారి కూడా ఆ చెయ్యి ఆలస్యం కాలేదు, ఈ ఒక్క ఫొటోలో తప్ప. దాక్కోవడం అంటే ఏమిటో ఈ పిల్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. స్తంభం చాటున మూడు వారాలు గడిపిన మనిషి. తాళాలక్క స్తంభం ఆమె అరచెయ్యి, అంతే తేడా.

"సార్, ఆవిణ్ణి ఒక్కసారి అడిగొస్తాను."

"చీటీ ఉందిగా."

"చీటీ మొదటి ఫొటోకి సార్. ఒక్క ఫొటో అన్నాను. రెండోది తీస్తున్నట్టు ఆవిడకి తెలీదు."

చీఫ్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఆరింటికి అచ్చు మిషన్ మొదలవుతుంది. అడిగితే వద్దంటుంది. ఎవరైనా అదే అంటారు. వద్దంటే నాకు పేజీ లేదు. పేజీ పోగొట్టిన మనిషికి ఇక్కడ కుర్చీ లేదు. ఆలోచించుకో."

పిల్ల ఆలోచించుకోలేదు. ఆలోచిస్తే కాళ్ళు కదలవని ఆమెకు బాగా తెలుసు. ప్రూఫు చుట్టచుట్టి చంకన పెట్టుకుని పరుగెత్తింది.

తాళాలక్క ఎవరి పెట్టెకో తాళంచెవి కోస్తోంది. పిల్ల రొప్పుతూ కాగితం విప్పి ఆమె ముందు పరిచింది. మిషను ఆగింది. తాళాలక్క కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది. చెయ్యి దానంతటదే లేచి నోటికి అడ్డం వెళ్ళింది, నవ్వకపోయినా.

"ఇదెప్పుడు తీశావు?"

"మొదటిదాని వెనకే అక్కా. అడగకుండా తీశాను. తప్పు నాదే. రేపు పేపర్లో వేస్తామంటున్నారు. నువ్వు సరేనంటేనే."

"ఎంతమంది చూస్తారు?"

"ఊరంతా."

తాళాలక్క సరేననలేదు, వద్దనీ అనలేదు. లేచి, సగం కోసిన చెవిని అలాగే వదిలేసి, కొట్టు తలుపు దించి తాళం వేసింది. పక్కనే ఉన్న తన స్కూటరు స్టార్టు చేసింది.

"ఎక్కు. ఆ పెద్దమనిషితో నేనే మాట్లాడతా."

"ఏం చెప్తావక్కా?"

"ఇంకా నాకే తెలీదు. ఎక్కవే!"

స్కూటరు బస్సుల మధ్యలోంచి, బళ్ళ సందుల్లోంచి దూసుకుపోయింది. పిల్ల వెనక కూర్చుని గుండె గుప్పిట్లో పెట్టుకుంది. ఆఫీసు గేటు దగ్గర గడియారం ఆరుకి పది తక్కువ చూపిస్తోంది. హమ్మయ్య అనుకునేలోపల కాళ్ళ కింద నేల అదరడం తెలిసింది. శనివారం కదా, ఆదివారం పేజీ పావుగంట ముందే కింది మిషన్ హాల్లోకి దిగిపోయింది. మిషన్ నడుస్తోంది!

మెట్లు దిగి ఇద్దరూ మిషన్ హాల్లోకి పరుగెత్తారు. లారీ అంత మిషను. చివరనుంచి తాళాలక్క నవ్వు వరసగా, ఆగకుండా, ఒకదానిమీద ఒకటి వచ్చి పడుతోంది. చుట్టూ ముప్పై మంది పనివాళ్ళు. ఆ రొదలో ఎవరి మాట ఎవరికీ వినపడదు. పిల్ల "ఆపండి" అంది. తనకే వినపడలేదు. మళ్ళీ అంది. ఎవరూ తిరగలేదు. అప్పుడామె మిషను పక్క ఇనపమెట్టు ఎక్కి, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ వాడని గొంతంతా ఒక్కసారి బయటికి తీసింది.

"ఆపండీ!"

ఆ హాల్లో ఒక నియమం ఉంది. ఎవరు 'ఆపండి' అని అరిచినా ముందు ఆపాలి, ఎందుకని తర్వాత అడగాలి. ఎవరి చెయ్యి మిషన్లో పడిందో ఎవరికి తెలుసు? మిషనాయన ఎర్రబటన్ మీద గుద్దాడు. అంత మిషనూ మూలుగుతూ ఆగిపోయింది. ముప్పై మంది తిరిగి చూశారు.

"ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏం కాలేదు," అంది పిల్ల. మెట్టు దిగలేదు. మొహం చాటెయ్యలేదు. "ఈ ఫొటోలో ఉన్నది ఈవిడ. ఈవిణ్ణి నేను అడగలేదు. ఈవిడ సరేననేదాకా ఇది అచ్చవకూడదు."

చీఫ్ అప్పటికే మెట్ల మీద ఉన్నాడు. మొహం కందగడ్డలా ఉంది. "నడుస్తున్న మిషన్ ఆపించావా? సరే, అడుగు. అందరి ముందే అడుగు. ఆవిడ వద్దంటే నీ ఉద్యోగం ఇక్కడే, ఈ క్షణమే పోయినట్టు."

తాళాలక్క గిర్రున తిరిగింది. "ఉద్యోగం పోవడమేంటి? ఏమే, ఈ మాట నాకెందుకు చెప్పలేదు? దారి పొడుగునా నా వెనకే కూర్చున్నావుగా!"

"చెప్తే నాకోసం సరేనంటావక్కా." పిల్ల ఈ మాట కూడా అందరికీ వినపడేలానే అంది. "నాకది వద్దు. ఈ నవ్వు నీది. నీకిష్టమో కాదో, అదొక్కటే నాకు కావాలి."

తాళాలక్క వంగి, మిషన్ చివర పడి ఉన్న కాగితాల్లోంచి ఒకటి తీసింది. సిరా ఇంకా ఆరలేదు. ఆమె దాన్ని చూసింది, పిల్లని చూసింది, మిషనాయన వైపు తిరిగింది.

"నా జవాబు నేను చెప్తాను. ముందు నువ్వొకటి చెప్పు బాబూ. ఇప్పటికి ఎన్ని అచ్చేశావు?"

"నాలుగు వందలుంటాయమ్మా."

"ఇక్కడ వందే ఉన్నాయి. మిగతావి?"

మిషనాయన తలుపు వైపు చూశాడు. తలుపు బార్లా తెరిచి ఉంది. బయట వ్యాను నిలబడే చోటు ఖాళీగా ఉంది.

"మొదటి కట్ట వెళ్ళిపోయిందమ్మా," అన్నాడతను. "బస్టాండుకి."